శిశిరదినము – ఇరుకు పడవ – మూడు చూపులు

మన యలంకారశాస్త్రకారులు మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో ఋతువర్ణన మొకటి. వసంతమును వర్ణింపని కవి లేడు. వర్షర్తువును విడిచిన ప్రబంధ మరుదు. శిశిరమును వర్ణించినవారును తరచుగా దానిని అంతఃపురపు కిటికీనుండియే చూచిరి. అగరుధూపము, కుంకుమపూత, పట్టుదుప్పటి, ప్రియసాన్నిధ్యము – ఇవి చేరగా చలి సుఖమున కొక యుపకరణమైనది. అదే చలి తెల్లవారకముందు లేచి పనికి పోవలసినవాని కెట్లుండునో ఆ పద్యములవలన మనకు తెలియదు.

ఈ దోషమునకు లోబడని గ్రంథము మనకు ఆముక్తమాల్యద కలదు. సింహాసనముమీద కూర్చున్న కృష్ణదేవరాయలు వానకాలమును వర్ణించుచు, తడిసిన కట్టెలతో పొయ్యి రగులక పొగలో కన్నులు నులుముకొను గృహిణిని చూడగలిగెను. ఋతువు కవికి నిజముగా తెలిసినదా, లేక పూర్వకవుల నోట విన్నదా యను సందేహము కలిగినపుడు, ఆ కావ్యములోని వంటింటిని వెదకి చూడవలయునని నాకు నేర్పినది ఆ ఘట్టమే.

ఈ గీటురాయిని చేతబట్టి నేనీమధ్య ఆంగ్లభాషలోని మూడు గ్రంథములను మరల చదివితిని. మూడింటికిని వస్తువొక్కటియే: ఇంగ్లండు దేశపు కాలువలపై తిరుగు ఇరుకు పడవ, దానిలో బ్రదుకు సంసారము. ఒకటి సంస్కర్త వ్రాసినది, ఒకటి ప్రేమికుడు వ్రాసినది, ఒకటి కూలిపని చేసిన యువతి వ్రాసినది. గ్రంథవిచారమునకు ముందు ఆ పడవను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు.

1761లో బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు తన వర్స్‌లీ గనులలోని రాక్షసిబొగ్గును మాంచెస్టరు నగరమునకు చేర్చుటకు జేమ్స్ బ్రిండ్లీ యను శిల్పిచేత కాలువ త్రవ్వించెను. నగరమున బొగ్గు వెల సగమునకు దిగెను. బండికి కట్టిన గుఱ్ఱము ఒకటి రెండు టన్నులు లాగగా, గట్టుమీద నడచుచు పడవను లాగు గుఱ్ఱము ఇరువదియైదు టన్నులను లాగగలదని జనులు కన్నులార చూచిరి. పిమ్మట మధ్యదేశమంతటను కాలువలు ప్రాకినవి. నీటికిని ధనమునకును పొదుపుగా నుండునట్లు బ్రిండ్లీ లాకుల వెడల్పును సుమారు 7 అడుగులుగా నిర్ణయించెను. లాకు వెడల్పు పడవ వెడల్పును నిర్ణయించినది. పడవ వెడల్పు అందులో కాపురముండువారి బ్రదుకు వెడల్పును నిర్ణయించినది. డెబ్బది యడుగుల పొడవు గల ఆ పడవలో సరకునకు పోగా మనుష్యులకు మిగిలిన గది పది యడుగుల పొడవు, ఏడడుగుల కంటె తక్కువ వెడల్పు. అందే పొయ్యి, అందే పడక, అందే పురుడు.

మొదట పడవవారికి గట్టున ఇండ్లుండెడివి. పందొమ్మిదవ శతాబ్దమున ఇనుపదారులు పోటీకి వచ్చి, కిరాయిలు పడిపోగా, కూలికి మనిషిని పెట్టుకొనలేక, ఇంటి యద్దె చెల్లింపలేక, పెక్కుమంది పడవ యజమానులు భార్యాబిడ్డలను పడవలోనికే తెచ్చుకొనిరి. ఈ కారణమును చదువరులు గుర్తుంచుకొనవలయును. ఆ సంసారములను పడవ యెక్కించినది సంచారముమీది మక్కువ కాదు, లెక్క.

ఇట్టి పడవలో నొక శీతకాలపు దిన మెట్లు గడచును? డిసెంబరు మాసమున ఆ ప్రాంతమున ఎనిమిది గంటలు దాటినగాని సూర్యుడు కనబడడు. నాలుగు గంటలకు ముందే క్రుంకును. పనియో, వెలుగుకొఱకు ఆగదు. యంత్రపు పడవ ముందు నడువగా దానివెనుక త్రాటితో కట్టిన రెండవ పడవ సాగును. రెండవదాని చుక్కాని తరచుగా ఇల్లాలిదే. ఆమె గది ద్వారములో నిలుచుండును. క్రింద మండుచున్న యినుపపొయ్యి వేడి కాళ్లకు తగులుచుండును. నడుమునకు పైన మంచుగాలి కోయుచుండును. పొయ్యిమీది కూర అడుగంటకుండ చూచుటయు, మలుపులో పడవ ముక్కు గట్టును తాకకుండ చూచుటయు ఆమెకు ఒక్క వేళనే చేయవలసిన పనులు. నడక నేర్చిన పసివాడు నీటిలో పడకుండ వానిని పడవకప్పుమీద పొగగొట్టముకడ త్రాటితో కట్టియుంచుట వారి వాడుక. యశోద కృష్ణుని రోటికి కట్టినది అల్లరి మాన్పుటకు. ఈ తల్లి కట్టునది ప్రాణము దక్కించుటకు.

రాత్రి గడ్డకట్టిన త్రాళ్లు ఉదయమున కఱ్ఱలవలె బిగిసియుండును. లాకు వచ్చినపుడు ఒకరు ముందు పరుగెత్తి, ఇనుపపిడి తగిలించి నీటిపలకల నెత్తవలయును. తలుపు దూలముపై మంచు నూనెవలె జారును. క్రింద లాకు గోతిలో నల్లని నీరు. లండను నుండి బర్మింగ్‌హాము వరకు ఇట్టి లాకులు నూటయరువదికి పైగా కలవు. చలి ముదిరి కాలువయే గడ్డకట్టెనా, మంచుపడవను తెచ్చి, దాని నడుమ కమ్మిని పట్టుకొని మనుష్యులు ఇటునటు ఊపుచుండగా, గుఱ్ఱములు లాగి మంచును పగులగొట్టవలయును. అప్పటికిని దారి విడకున్న పడవ నిలుచును. పడవవాని కూలి ప్రయాణమును బట్టి, సరకును బట్టి; పడవ నిలిచిన దినమున కూలియు నిలుచును. శిశిరము వారికి ఋతువు కాదు, అప్పు.

ఇక మొదటి గ్రంథము జార్జి స్మిత్ 1875లో ప్రకటించిన 'అవర్ కెనాల్ పాపులేషన్'. ఈతడు బాల్యమున, తొమ్మిదేండ్ల ప్రాయముననే, ఇటుకబట్టీలో మట్టి మోసినవాడు. ఇటుకబట్టీల బాలుర దుర్దశను 1871లో గ్రంథరూపమున వెల్లడించి, అదే సంవత్సరమున వారికొఱకు చట్టము చేయించుటకు ముఖ్యకారకుడైనవాడు. అటుపిమ్మట ఆతని చూపు పడవలమీద పడెను. క్రిక్కిరిసిన గదులు, బడి మొగమెఱుగని బిడ్డలు, రోగములు, త్రాగుడు – వీనిని ఆతడు గంట మ్రోగించినట్లు పదేపదే చెప్పెను. గంట ఫలించెను. 1877లో పడవల చట్టము వచ్చెను. కాపురముండు పడవలను నమోదు చేయవలయుననియు, గదిలో ఎందరుండవచ్చునో నిర్ణయింపవలయుననియు, బిడ్డలు పడవ నమోదైన యూరి బడికి చెందినవారుగా నెంచబడుదురనియు అది విధించెను. 1884లో దానికి పదును పెట్టబడెను.

సంస్కర్తగా స్మిత్తుకు నేను నమస్కరింతును. రచయితగా ఆతనియందు లోపము గలదు. ఆతడు పడవలోనికి తొంగిచూచెను గాని అందు కూర్చుండలేదు. ఆతని పుటలలో పడవవారు గుంపుగానే కనబడుదురు, మనుష్యులుగా తక్కువ. పడవవారి సంఖ్యను లక్షదాక చెప్పెను. తరువాతి చరిత్రకారులు అది మిక్కిలి హెచ్చని తేల్చిరి. మలినమును చూచిన కన్ను ఆ మలినమధ్యముననే తళతళ తోమిన యిత్తడిగుండ్లను, గోడకు వ్రేలాడు జల్లెడయంచు పింగాణి పళ్లెములను, నీటికుండలపై చిత్రించిన గులాబీలను, కోటలను చూడలేదు. ఏడడుగుల గదిలో, బొగ్గుధూళినడుమ, ఇంత సౌందర్యమును నిలుపుకొన్న స్త్రీని 'ఉద్ధరింపవలసిన జీవి'గా మాత్రమే చూచుట ఒక విధమైన గ్రుడ్డితనమే. సంస్కరింపబడువాని గౌరవమును ముందుగా తీసికొని పిమ్మట మేలు చేయు నలవాటు మన దేశపు సంస్కర్తలలోను లేకపోలేదు. కావుననే ఇంత నొక్కి చెప్పుచున్నాను.

రెండవ గ్రంథము ఎల్. టి. సి. రోల్ట్ వ్రాసిన 'నారో బోట్'. 1944లో వెలువడినది. రోల్ట్ యంత్రశిల్పమున శిక్షణ పొందినవాడు. 1939 జూలైలో నవవధువుతోకూడ 'క్రెస్సీ' యను తన పడవనెక్కి బాన్‌బరీ నుండి బయలుదేరి మధ్యదేశపు కాలువలపై తిరిగెను. ఆ సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. ప్రపంచమంతయు ధ్వంసమునకు పరుగెత్తుచుండగా, గంటకు మూడు మైళ్ల వేగమున కదలు నొక లోకమును గూర్చి ఈతడు వ్రాసెను. ఇందలి గద్యము తీయనిది. ప్రాతఃకాలపు పొగమంచు, రెల్లుదుబ్బులలో నీటికోడి, కమ్మరికొలిమి, పడవలకు రంగులు వేయు చేయి – వీనిని ఆతడు స్వభావోక్తితో చూపును. అలంకారముల బరువు మోపడు. స్మిత్తు చూడని గులాబీలను ఈతడు చూచెను. పడవవాని పనితనమును శాస్త్రజ్ఞుడు శాస్త్రజ్ఞుని గౌరవించునట్లు గౌరవించెను.

ఈ గ్రంథమునకు కలిగిన ఫలము అసాధారణమైనది. దీనిని చదివిన రాబర్ట్ ఐక్‌మన్ రోల్టునకు జాబు వ్రాసెను. ఆ పరిచయమునుండి 1946లో దేశాంతర్గత జలమార్గ సంఘము పుట్టెను. పూడిపోవనున్న పెక్కు కాలువలు నేడు నీటితో నిండియున్నవన్న, అందుకు మూలమైన కారణములలో ఈ పుస్తక మొకటి. పుస్తకమువలన లోకమున ఏమి జరుగునని పరిహసించువారికి ఇది యుత్తరము.

అయినను వంటింటి గీటురాయి ఇచ్చట గీయవలసియున్నది. క్రెస్సీ పొడవంతయు ఇరువురు దంపతులకే. అందు పడకగది, వంటగది, స్నానపుతొట్టి కలవు. ప్రక్కనుండి పోవు సరకుపడవలో పది యడుగులలో ఆరేడుగురు. రోల్టునకు మంచు పట్టి పడవ నిలిచిపోయిన పొయ్యి ప్రక్కన కూర్చుండి చదువుకొనవచ్చును. పొరుగు పడవవానికి ఆనాడు కూలి లేదు. ఒకే మంచు, ఒకే కాలువ. ఒకరికది విరామము, ఒకరికది యుపవాసము. ఈ భేదమును రోల్ట్ దాచలేదు, కాని దానిపై నిలువలేదు. యంత్రనాగరకతయెడ ఆతనికి గల రోత న్యాయమైనదే. ఆ రోతవలన, పడవబిడ్డల బడి లేమిని లోపముగా గాక, నగరపు కల్తీ సోకకుండ కాపాడిన కంచెగా చూచునట్లు చదువరికి తోచును. ఒక యుపాధ్యాయుడుగా నేను దీని నంగీకరింపజాలను. అక్షరము రాకపోవుటలో సౌందర్యమును చూడగలవాడు అక్షరము వచ్చినవాడే. లాకుకడ సరకుచీటిని చదువలేక పరుని మొగము చూచువానికి అందు సౌందర్యము కనబడదు.

మూడవ గ్రంథము ఎమ్మా స్మిత్ 1948లో ప్రకటించిన 'మెయిడెన్స్ ట్రిప్'. యుద్ధకాలమున మగవారు చాలకపోగా, గ్రాండ్ యూనియన్ కాలువ రవాణా సంస్థ యువతులకు శిక్షణ నిచ్చి పడవలు నడిపించెను. జంటపడవలకు ముగ్గురు చొప్పున, లండను రేవులనుండి సరకును బర్మింగ్‌హామునకును, తిరుగుదారిలో కావెంట్రీ ప్రాంతపు బొగ్గును దక్షిణమునకును వారు చేర్చిరి. వారి బిళ్లపైనుండిన రెండక్షరములను పట్టుకొని 'సోమరి యువతులు' అని హాస్యగాండ్రు పేరు పెట్టిరి. సూసన్ వుల్ఫిట్ ఆ పరిహాసమునే తన గ్రంథమునకు పేరుగా పెట్టుకొని 1947లో ప్రకటించెను. ఏబది టన్నుల బరువును చలిలో నడిపినవారికి ఈ బిరుదము!

ఎమ్మా స్మిత్ పెక్కు ప్రయాణముల యనుభవమును ఒక్క ప్రయాణముగా కూర్చి చెప్పినది. ఇది అసత్యము కాదు, కథనమునకు తగిన ఔచిత్యము. ఇందు మొదటి పుటనుండియు ఆకలి యున్నది, తడిసిన బట్టలున్నవి, ముగ్గురాడువారి పోట్లాటలున్నవి, నవ్వున్నది. తానే వీరవనిత యని యామె ఎచ్చటను చెప్పుకొనదు. తన చేతకానితనమును చెప్పి మనలను నవ్వించును. పుట్టుక మొదలు పడవలో పెరిగిన స్త్రీలు తమకన్న ఎంత నేర్పరులో ఆమె చూపును. పడవవారు ఇందు దయ చూపవలసినవారుగాను లేరు, ఆరాధింపవలసినవారుగాను లేరు. పని నేర్పు ఇరుగుపొరుగువారుగా నున్నారు. చేతులు పగిలినవారి గద్యమునకు ఒక నిబ్బరముండును. స్వభావోక్తికి నిజమైన యుదాహరణము కావలసినవారు ఇందు చూడవలయును.

లోపమిందును కలదు. ఆ యువతులకు ఈ శ్రమకు అంతము కలదు. యుద్ధము ముగియగానే వారు ఇండ్లకు పోవుదురు. వారి కూలి వారి పేరనే వచ్చుచుండెను. వారి ప్రక్కన చుక్కాని పట్టిన పడవయిల్లాలి శ్రమయో సామాన్యముగా భర్త పద్దులోనే కలిసిపోయెడిది. ఆమె లాకు తలుపు నెట్టినందుకు, చుక్కాని పట్టినందుకు, బిడ్డను కన్న కొలది దినములకే మరల ద్వారములో నిలుచున్నందుకు ఏ లెక్కల పుస్తకములోను వేరు పద్దు లేదు. ఈ మూడు గ్రంథములను కలిపి చదివినను ఆ స్త్రీ తన నోట తాను వ్రాసికొన్న శీతకాలపు దినము మనకు దొరకదు. ఆమెకు అక్షరము నేర్పబడలేదు. రోల్ట్ మెచ్చిన కంచె ఇచ్చట తన వెల చూపుచున్నది: ఎవరి బ్రదుకు అందరికన్న కఠినమో వారి మాటయే సాహిత్యమున లేకపోయెను.

ఇంతమాత్రమున స్మిత్తుది గెలుపని అనుకొనరాదు. 1929లో, బడియీడు బిడ్డలు పడవలలో కాపురముండరాదని పార్లమెంటులో హారీ గాస్లింగ్ యొక చట్టమును ప్రతిపాదించెను. అది చట్టము కాలేదు. సరకు సంస్థలు వ్యతిరేకించినవన్న అది స్వార్థమని త్రోసివేయవచ్చును. పడవవారును వ్యతిరేకించిరి. వారి ప్రశ్న స్పష్టము: బిడ్డలను గట్టున విడిచి తల్లి పడవలో పోవలెనా? తల్లియు గట్టున నిలిచిన, చుక్కాని పట్టుట కెవరు? బడిని కదలని దానిగా నుంచి బిడ్డను కదలవద్దనుట సులభము. కదలు కుటుంబము వెంట బడి యెట్లు కదలవలయునను ప్రశ్న కఠినము. స్మిత్తు గంటకు ఆ ప్రశ్న వినబడలేదు. రోల్టు పొయ్యికడ అది పుట్టలేదు. ఎమ్మా స్మిత్తునకు దానిని చూచునంత దగ్గర దొరికినది గాని, నిలుచునంత కాలము దొరకలేదు.

కాలమే పడవల వ్యాపారమును ముగించినది. 1948లో కాలువలు ప్రభుత్వవశమైనవి. 1962–63 శీతకాలమున వారముల తరబడి మంచు కరుగక పడవలు నిలిచిపోగా, సరకులు రోడ్డుబండ్ల కెక్కి మరల దిగలేదు. 1963లో ప్రభుత్వసంస్థ తన యిరుకు పడవలలో చాలవాటిని మానివేసెను. శిశిరమే తుదితీర్పు చెప్పినది. 2012 నుండి ఇంగ్లండు, వేల్సు దేశముల కాలువలలో చాలభాగము ఒక ధర్మసంస్థ పోషణలో నున్నవి. నేడు ఆ పడవలలో విహారమునకు పోవువారు కలరు. ఇంటి యద్దెలు మోయలేక వానిలో కాపురముండువారును కలరు. స్థిరమైన రేవు లేనివారు ఒకచోట 14 దినములకు మించి నిలువరాదని 1995 నాటి చట్టము చెప్పుచున్నది. అనగా బడికి పోవు బిడ్డ గలవారికి పాత ప్రశ్నయే క్రొత్త రంగులతో తిరిగి వచ్చినది.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. కాటన్ దొర ధవళేశ్వరపు ఆనకట్టను 1852 నాటికి ముగించిన పిదప గోదావరి మండలమున త్రవ్విన కాలువలు పంటకే గాక పడవలకును ఏర్పడినవి. లాకు అను మాట మన పల్లెలలో తెనుగుమాటయై నిలిచినది. ఆ పోలికకంటె నన్ను కలచునది వేరొకటి కలదు. జార్జి స్మిత్ మొదట పోరాడినది ఇటుకబట్టీల బిడ్డలకొఱకు. నేడును శీతకాలము రాగానే ఒడిసా పశ్చిమ మండలములనుండి కుటుంబములు మూటలతో తెలంగాణమునందలి, ఆంధ్రమునందలి ఇటుకబట్టీలకు వచ్చుచున్నవి. భార్యాభర్తలు కలిసి ఇటుకలు కోయుదురు. కూలి ఇటుకల లెక్కను బట్టి. భార్య శ్రమ భర్త పద్దులో. బిడ్డలు బట్టీప్రక్క గుడిసెలో. 2009లో నిర్బంధవిద్యాహక్కు చట్టము వచ్చినది. కొన్ని బట్టీలకడ ఆ బిడ్డల భాషలోనే బడులు నడిపిన ప్రయత్నములును కలవు. అవి నాకు స్మిత్తు గంటకన్న ఎక్కువ ఆశను కలిగించుచున్నవి. ఏలయన, అచ్చట బడియే కదలి బిడ్డకడకు వచ్చినది.

కావున గృహములలో ఈ పత్రికను చదువు సోదరీసోదరులకు నా విన్నపము. మూడు గ్రంథములలో ఒకటియే చదువ వీలున్నవారు 'మెయిడెన్స్ ట్రిప్' చదువుడు. రెండు చదువగలవారు 'నారో బోట్'ను కూడ చదువుడు. దాని గద్యమునకై చదువుడు, దాని తీర్పునకై కాదు. స్మిత్తు గ్రంథమును పరిశ్రమించి సంపాదింపనక్కఱలేదు. ఆతడు చేయించిన చట్టమును తలచిన చాలును. చదివిన పిదప, ఈ శిశిరమున మీ యూరి వెలుపల బట్టీ పొగ కనబడినపుడు, ఆ గుడిసెలోని పొయ్యికడ ఎవరున్నారో, వారి బిడ్డ పేరు ఏ బడి పట్టికలో నున్నదో ఒక్కసారి పోయి అడుగుడు. ఆ తల్లి మాట వినుటకు స్మిత్తునకు ఓపిక లేకపోయెను. మనకు లేదనుటకు కారణము లేదు.